కొసరు బీరువా

"ఈ సప్లీ ఛాన్సుని మాత్రం జారవిడుచుకోకండి బాబూ, ఈసారి గట్టెక్కేస్తారు," అన్నారు అత్తగారు ఫోన్లో. సప్లీ ఏమిటండీ, ఎవరికండీ అన్నాను. "ఇంకా దాపరికం దేనికి బాబూ? ఇంటిల్లిపాదికీ తెలుసు. మేమెవరం ఏమీ అనుకోవడం లేదు. ఆరోగ్యం జాగ్రత్త," అని ఆవిడ ధైర్యం చెపుతూండగానే డిపార్ట్‌మెంటు అటెండరు వచ్చి, "సార్, ఫోన్ కట్టెయ్యండి, లోపల వైవా నడుస్తోంది, మేడమ్‌కి చప్పుడు పడదు," అన్నాడు. కట్టేశాను. ఫోన్ నోరు మూసుకుంది గానీ ఆ మాట మూసుకోలేదు, కారిడార్లో పైన తిరుగుతున్న పంకాతోపాటు అదీ తిరుగుతోంది, సప్లీ, సప్లీ, సప్లీ. సప్లీ అంటే ఏమిటో చదువుకున్నవాడికి తెలుసు, చదువుకోనివాడికి మరీ బాగా తెలుసు, తప్పిన పేపరుని సిగ్గు చంపుకుని మళ్లీ రాయడం. మరి నాకెందుకుంటుంది? నలభై తొమ్మిదో ఏట, కళ్లజోడు మీద కళ్లజోడు పెట్టుకోవలసిన వయసులో, శని ఆదివారాలు రెండూ ధారపోసి, తయారీ, సప్లై చైన్ నిర్వహణలో పీజీ చదువుతున్నాను, పీజీ అంటే మా ఆవిడ భాషలో పిచ్చి గోల, మూడు సెమిస్టర్లూ పదిహేను పేపర్లూ ఒక్కటి తప్పకుండా దాటాను, స్టాటిస్టిక్స్‌తో సహా, అందులో నా మార్కులు అడగకండి, తోడల్లుడికి టిక్కులు వచ్చాయి, నాకు స్టాటిక్కు, కానీ పాసు పాసే కదా, మరి సప్లీ అని ఇల్లంతా ఎలా తెలిసింది, లేనిది తెలియడం ఎలా, ఎవరు పుట్టించారు, ఎవరై ఉంటారు, ఇంకెవరు, ఆ తలుపుకి అవతల కూర్చున్నవాడే.

ఆ తలుపు పూర్తిగా పడదు. గడియ పడే రంధ్రం అరిగిపోయింది, అటెండరు ఒక కాగితం మడిచి పెట్టాడు, అది కూడా జారింది, అందుకని బెత్తెడు సందు, ఆ సందులోంచి మా తోడల్లుడి వీపు కనిపిస్తోంది. చొక్కా మీద ఒక్క మడత లేదు. రెండు గంటల బస్సు ప్రయాణం, నా పక్కనే కూర్చున్నాడు, నా చొక్కా నమిలి ఉమ్మేసినట్టుంది, అతనిది మాత్రం పెట్టెలోంచి ఇప్పుడే తీసినట్టుంది, ఇస్త్రీ కూడా మనిషిని చూసి నిలబడుతుందేమో. మా మరదలి మొగుడు, అంటే మా ఆవిడ చెల్లెలి భర్త, నాకన్న తొమ్మిదేళ్లు చిన్న, మా పంపుల ఫ్యాక్టరీలోనే ప్లానింగు సెక్షను, నేను స్టోర్స్. తోడల్లుడు అన్న మాట కనిపెట్టిన మహానుభావుడెవరో గానీ, పాలకి తోడు వేస్తే పెరుగవుతుంది, నాకు తోడల్లుణ్ణి వేశారు, పులిసిపోయాను. అతను మా అత్తగారింటికి అల్లుడిగా వచ్చిన నాటినుంచీ గాలి అటే వీస్తోంది, ఉట్టిమాట కాదు, అత్తగారింట్లో పంకా కింది కుర్చీ పదకొండేళ్లు నాది, ఇప్పుడతనిది, "చిన్నల్లుడుగారికి చెమట పట్టేస్తుంది పాపం" అంటారు ఆవిడ, నాకు పట్టేది పన్నీరు కాబోలు. అతనికి నెత్తి నిండా జుట్టు, నాకు నెత్తి నిండా నెత్తే. పేపర్లో అంకెల పజిల్ పెన్నుతో నింపుతాడు, పెన్సిలుతో కాదు, కొట్టివేత అన్నది ఎరగడు. నాలుగు రంగుల పెన్నులున్నాయి, నోట్సులో ముఖ్యమైనవి పసుపు, అతిముఖ్యమైనవి గులాబీ, పరీక్షకి వచ్చేవి ఆకుపచ్చ, వచ్చాక మరచిపోదగ్గవి నీలం. నా నోట్సులో ఒకటే రంగు, టీ రంగు. తరగతిలో ప్రొఫెసరు ప్రశ్న వేసీ వేయకముందే అతని చెయ్యి లేస్తుంది, నాది కూడా లేస్తుంది, కాకపోతే ఆవులింతకి అడ్డం పెట్టుకోవడానికి. "పెద్దాయనా, అర్థం కాకపోతే మీ తమ్ముణ్ణి అడగండి," అన్నారు ఒకసారి ప్రొఫెసరుగారు అందరి ముందూ. ఆయనే మా ఇద్దరికీ గైడు, గైడంటే దారి చూపించాలి, ఈయన కోసం నేనే దారి చూస్తుంటాను, అతనికి మాత్రం ఫోన్ చేసి మరీ పిలిచి టీ ఇచ్చి దారి చూపిస్తారు.

ఇవన్నీ మింగాను, మింగడం నాకు అలవాటే. మింగుడుపడనిది ఆ కుర్చీ. ఫ్యాక్టరీలో కొత్తగా సప్లై చైన్ విభాగం పెడుతున్నారు, దానికి ఒక అధిపతి కావాలి, లోపలివాళ్లలోంచే తీసుకుంటామని మా ఇద్దర్నీ ఈ చదువుకి పంపించారు, వైవాలో ఎవరిది పైచెయ్యి అయితే ఆ కుర్చీ వాళ్లదని జనరల్ మేనేజరు నోరారా చెప్పారు. ఇరవైమూడేళ్లు స్టోర్స్‌లో నట్టులకీ బోల్టులకీ మధ్య నట్టేట్లో ఉన్నవాణ్ణి నేను, నిన్నగాక మొన్న వచ్చినవాడు అతను, రేపు అతను ఆ కుర్చీలో కూర్చుని నన్ను, "అన్నయ్యా, ఆ స్టాకు రిపోర్టు కాస్త పంపిస్తారా," అని మర్యాదగా అడుగుతాడు, ఆ మర్యాదే నాకు చురక, పోనీ తిట్టినా బాగుండును, తిరిగి తిట్టొచ్చు, మర్యాదకి జవాబేముంది. ఎదురుగా గోడమీద నోటీసు బోర్డులో ఎవరిదో పోయిన గొడుగు గురించి ప్రకటన, ఎన్నాళ్లదో, అక్షరాలు వెలిసిపోయాయి. దొరికిందో లేదో. కింద బెంచీకి ఒక కాలు పొట్టి, నేను కదిలినప్పుడల్లా టక్ మంటోంది, నేను ఊరికే ఉన్నా అంటోంది, బహుశా నా గుండెకాయ.

అసలు ఈ గుండెకాయకి ఇవాళ ఇంత చప్పుడు దేనికంటే, జేబులో ఉన్న చిన్న నోటుపుస్తకం. చొక్కా ఎడమ జేబు, అరచేతిలో పట్టేంత, నీలం అట్ట, దాని గురించి ప్రపంచంలో నాకు తప్ప ఎవరికీ తెలియదు. మా పంపుల్లో తిరిగే కడ్డీ దగ్గర నీళ్లు కారకుండా పంపుకి రెండేసి రబ్బరు రింగులు వేస్తారు, వాటినే సీలులంటాం. స్టోర్స్‌వాడికి సీలూ శీలమూ రెండూ ఉండాలని నేను కొత్తవాళ్లకి చెపుతూంటాను, చప్పట్లు కొడతారు. ఆ సీలులు సరఫరా చేసే ఆసామి వాటిని లెక్కపెట్టడు, తూకం వేసి వంద అని సంచీ కట్టేస్తాడు, తక్కువైతే నేను ఊరుకోనని తెలుసు గనక ప్రతి సంచీలోనూ కొంచెం ఎక్కువే పోస్తాడు, వందకి పదో పదకొండో కొసరు. నేను విప్పి ఒక్కొక్కటీ లెక్కపెడతాను. వంద స్టోర్స్ పుస్తకంలో రాసుకుంటాను, కొసరు పాత ఫైళ్ల ర్యాకు వెనకాల ఆకుపచ్చ బీరువాలో పెట్టి తాళం వేసుకుంటాను. దొంగతనం కాదండీ, ఒక్క రింగు ఇంటికి తీసుకెళితే నా కళ్లు పోవాలి, దాన్ని ఇంటికి తీసుకెళ్లి ఏం చేసుకుంటాను, వేలికి పెట్టుకుంటే మా ఆవిడ ఇంకో పెళ్లి చేసుకున్నాననుకుంటుంది. అది నా ధైర్యం, అంతే. లైను మీద సీలులు అయిపోతాయి, పంపులు బిగించేవాళ్లు చేతులు ముడుచుకు కూర్చుంటారు, ఫోర్‌మన్ పరుగెత్తుకొస్తాడు, "బాబాయ్, చచ్చాం," అంటాడు, కంప్యూటర్లో చూస్తే సున్నా, నేను తాపీగా లేచి, "నేనుండగా చావరురా," అని ఫైళ్ల వెనక్కి వెళ్లి గుప్పెడు సీలులతో బయటికొస్తాను. ఆ క్షణం వాళ్ల కళ్లలో నేను మనిషిని కాను. ఇన్వెంటరీ అంటే ఇన్ని వెంట రావు అని ఎవరన్నా అంటారేమో, నాకు మాత్రం వస్తాయి. అలా తీసింది ఏదీ పుస్తకంలో ఎక్కదు, పెట్టింది ఎక్కలేదు గనక తీసిందీ ఎక్కదు, ధర్మమే కదా, కానీ నా మనశ్శాంతికి ఈ నీలం పుస్తకంలో రాసుకుంటాను, ఎన్ని పెట్టానో ఎన్ని తీశానో, తేదీలతో సహా. పోయిన ఏడాది పెట్టినవీ తీసినవీ రెండువేల నూట అరవై, పెట్టింది పెట్టినట్టే లైనుకి పోయింది.

నా ప్రాజెక్టు రిపోర్టు పేరు చెపితే నవ్వకండి. స్టాకు లెక్కల ఖచ్చితత్వం. నూటికి తొంభైతొమ్మిదిన్నర అని తేల్చాను, పటాలు గీశాను, బంగారు రంగు అక్షరాలతో అట్ట వేయించాను. బీరువా అందులో లేదు, బీరువాని లెక్కలోకి తీసుకుంటే అది బీరువా ఎలా అవుతుంది. ఇక మా తోడల్లుడి ప్రాజెక్టు, పై ఏడాదికి ఎన్ని సీలులు కావాలో ముందే అంచనా కట్టడం. దానికి పోయిన ఏడాది వాడకం అంకెలు కావాలి. నా దగ్గరికే వచ్చాడు, స్టోర్స్ కౌంటరు ముందు నిలబడి, "అన్నయ్యా, మీ అంకెలు ఉంటే చాలు, కళ్లు మూసుకుని నమ్మేస్తాను," అన్నాడు. కళ్లు మూసుకుని! ఇచ్చాను. పుస్తకంలో ఉన్నవన్నీ ఇచ్చాను, నీలం పుస్తకం తప్ప. అప్పుడే తెలుసు నాకు, ఆ అంకెలకీ బయటికెళ్లిన పంపులకీ పొంతన కుదరదని, ఎవరైనా తెలివైనవాళ్లు భాగహారం చేస్తే అతను గోతిలో పడతాడని, తెలిసే ఇచ్చాను, తేదీ వేసి సంతకం పెట్టి ఇచ్చాను. ఆ సాయంత్రం బస్సులో నాకు చాలా హాయిగా ఉంది, కిటికీలోంచి గాలి నా వైపే వీచింది. అసూయ అంటే కడుపుమంట అంటారు గానీ, నిజం చెప్పాలంటే మొదట్లో అది చలిమంట, పక్కన కూర్చుంటే వెచ్చగా ఉంటుంది.

సప్లీ. ఈ మాట వదలడం లేదు. ఇంటిల్లిపాదికీ తెలుసట. ఆ లెక్కన చూస్తే కొన్ని ఇప్పుడు పొసగుతున్నాయి, ఆర్నెల్లనుంచీ మరదలు నన్ను చూడగానే చదువు సంగతి ఎత్తకుండా వాతావరణం మీదికి పోతోంది, "ఉక్కపోత బావగారూ," అంటుంది, చలికాలంలో కూడా. మా ఆవిడ పొద్దున్నే అయిదింటికి నేను చదువుకుంటూంటే కాఫీ తెచ్చి పెట్టి, ఏమీ అనకుండా, నా భుజం మీద చెయ్యి వేసి వెళుతోంది, పెళ్లయిన పాతికేళ్లలో ఆవిడ ఏమీ అనకుండా వెళ్లిన సందర్భం ఇంకోటి లేదు, అప్పుడే అనుమానించాల్సింది. మరి ఇతను? ఆర్నెల్లనుంచీ ప్రతి శనివారం బస్సులో తన నోట్సు ఇంకో ప్రతి నా ఒళ్లో పెడుతున్నాడు, నాలుగు రంగులతో, మళ్లీ కూర్చుని గీసి. "ఏం పర్లేదు అన్నయ్యా, చాలామందికి అవుతుంది," అన్నాడు ఒకసారి. ఏమిటయ్యా అయ్యేది, బట్టతలా అన్నాను. నవ్వాడు. ఆ నవ్వులో జాలి ఉంది, చూశాను, ఆ జాలికి ఆ వారమంతా అన్నం సయించలేదు, నాకు తెలివి తక్కువని వీడి ఉద్దేశం కాబోలు అని నోట్సు విప్పకుండానే స్టోర్స్‌లో చెదలమందు పక్కన పడేశాను. ఎప్పుడు మొదలైంది ఇదంతా, రెండో సెమిస్టరు ఫలితాలప్పుడు. ఫలితాలు ఎవరి నంబరు వాళ్లు కంప్యూటర్లో చూసుకోవాలి, నా మార్కులు నేనెవరికీ చెప్పలేదు, ముఖ్యంగా అతనికి, ఎందుకంటే అతనివి ఎంతో నాకు తెలుసు. అత్తగారు మాత్రం ఫోన్ చేసి అడిగారు, ఏమయింది బాబూ అని, నేను అప్పుడు లోడింగు ప్లాట్‌ఫారం మీద ఉన్నాను, లారీ వెనక్కి తీస్తున్నారు, ఒకటే హారను, "అన్నీ అయిపోయాయండీ, ఇంక సప్లై చైన్ ఉంది, అదొక్కటే," అని అరిచాను, మూడో సెమిస్టర్లో చదవాల్సిన అసలు పేపరు అదన్నమాట. "ఏమిటి బాబూ?" "సప్లై చైన్ ఉందండీ!" ఆవిడ చెవి మిషను పెట్టుకునేది టీవీకి మాత్రమే. సప్లై చైన్. సప్లీ ఛాన్స్. ఓరి నా నోరు మండ! అన్నీ అయిపోయాయి, సప్లీ ఛాన్సు ఉంది, అదొక్కటే!

ఎద్దుకొరడా. బుల్‌విప్ ఎఫెక్టు అని తరగతిలో చెప్పారు, దుకాణం దగ్గర ఒక మనిషి ఒక పంపు ఎక్కువ కొంటాడు, దుకాణదారు రెండు అడుగుతాడు, టోకువాడు అయిదు, ఫ్యాక్టరీ పది చేస్తుంది, సీలులవాడు వంద పోస్తాడు, కొరడా పిడి దగ్గర మణికట్టు ఇంత కదిలితే కొస దగ్గర అంత దెబ్బ. నేను ఒక్క మాట అరిచాను, అత్తగారు సప్లీ చేశారు, మా ఆవిడ జాలి చేసింది, మరదలు ఉక్కపోత చేసింది, కొస దగ్గర అతను శనివారం శనివారం కూర్చుని నాలుగు రంగుల్లో నోట్సు గీశాడు, దాన్ని నేను చెదలకి పెట్టాను. పైగా మా ఇద్దరి పనీ అంతే కదా, నేను సీలులు వెయ్యి కావాలంటే పన్నెండువందలని రాస్తాను, నేను పెంచుతానని తెలిసి అతను తొమ్మిదివందలకి తుంచుతాడు, తుంచుతాడని తెలిసి మరుసటి నెల నేను పధ్నాలుగువందలు రాస్తాను, ఆదివారం ఆదివారం ఒకే బల్ల దగ్గర ఎదురెదురుగా కూర్చుని భోంచేస్తాం, ఇది మాత్రం ఏనాడూ ఒకరికొకరం చెప్పుకోలేదు.

తలుపు సందులోంచి బయటినుంచి వచ్చిన పరీక్షాధికారి గొంతు. ఆవిడ గట్టిగా మాట్లాడరు, అందుకే ఒక్క అక్షరం పోదు. "పోయిన ఏడాది పదకొండువేల పంపులు బయటికి వెళ్లాయని ఒక పేజీలో రాశారు. పంపుకి రెండు సీలులు. ఇరవైరెండువేలు కావాలి. ఇంకో పేజీలో వాడకం పంతొమ్మిదివేల ఎనిమిదివందల నలభై అని ఉంది. అంటే మీ లెక్క ప్రకారం వెయ్యిన్నీ ఎనభై పంపులు సీలులు లేకుండా వెళ్లాయి. కొన్నవాళ్ల ఇళ్లలో నీళ్లు కారలేదా?" గైడుగారు నవ్వారు. ఆవిడ నవ్వలేదు. చూశారా, భాగహారం చేసేశారు. ఇదే, ఈ క్షణం కోసమే కదా ఆ వేళ సంతకం పెట్టి ఇచ్చింది, చెప్పు తమ్ముడూ చెప్పు, నా అంకెలు కావనీ, స్టోర్స్‌వాళ్లిచ్చారనీ చెప్పు, చెపితే నేను లోపలికెళ్లి నా తొంభైతొమ్మిదిన్నర చూపించి, పుస్తకాలు సక్రమంగా ఉన్నాయి మేడమ్, ప్లానింగులోనే ఎక్కడో అని, ఊ, చెప్పు. బెంచీ టక్ మంది. వీపు కదలలేదు. పాపం మడతలేని ఆ చొక్కా మీద మెడ దగ్గర చెమట పట్టింది, నిజంగానే పడుతుంది ఇతనికి. "స్టోర్స్ వాళ్ల అంకెలు తప్పా?" అన్నారు ఆవిడ. "కాదు మేడమ్," అన్నాడు. "స్టోర్స్ అంకెలు సరైనవే. ఎక్కించుకోవడంలో నేనే ఎక్కడో తప్పాను. నా తప్పే."

నా తప్పే! చూశారా, చూశారా ఎంత ఘోరమో! జుట్టు సరే, పంకా సరే, టిక్కులు సరే, ఆఖరికి మంచితనంలో కూడా నాకన్న ఎక్కువ మార్కులా? నాకు సప్లీ ఉందని నమ్మి, ఇంకో దెబ్బ తట్టుకోలేనని, ఆ కుర్చీని నా కోసం పోగొట్టుకుంటున్నాడు, తను పోగొట్టుకుంటే నేను ఆ కుర్చీలో కూర్చోవాలి, కూర్చున్నన్నాళ్లూ కింద ముల్లులా అతని మంచితనం గుచ్చుకుంటుంది, ఎప్పుడూ చెప్పడు, ఎవరికీ చెప్పడు, చెప్పకపోవడం వల్ల ఇంకా పెద్దవాడైపోతాడు, నేను చచ్చేదాకా రోజూ అతని ముందు చిన్నవాణ్ణే. కుదరదు. ఇందులో మాత్రం గెలవనివ్వను. లేచాను. అటెండరు, "సార్, మీ వంతు రాలేదు," అన్నాడు. నా వంతు ఇరవైమూడేళ్ల కిందట వచ్చిందయ్యా, నేనే వెళ్లలేదు అన్నాను, ఆ తలుపు ఎలాగూ పడదు గనక తొయ్యక్కర్లేకపోయింది.

వైవా అంటే వాళ్లు 'వై' అంటారు, మనం 'వా' అంటాం అని బస్సులో వేసిన జోకు లోపలికెళ్లాక గుర్తురాలేదు. నీలం పుస్తకం తీసి బల్లమీద పెట్టాను, పక్కన బీరువా తాళంచెవి. "మేడమ్, ఆ వెయ్యిన్నీ ఎనభై పంపులకీ సీలులున్నాయి. నీళ్లు కారలేదు. అవి నా బీరువాలోంచి వెళ్లాయి, స్టోర్స్ పుస్తకంలో లేవు. ఇతను తప్పు చెయ్యలేదు, నేనిచ్చిన అంకెలే తక్కువ. తెలిసే ఇచ్చాను." తెలిసే అన్న మాట నోట్లోంచి వచ్చేదాకా అది వస్తుందని నాకే తెలియదు. ఆవిడ కళ్లజోడు పైకి జరుపుకుని పుస్తకం పేజీ పేజీ తిప్పారు. పక్క గదిలో ప్రింటరు ఎవరిదో రిపోర్టు కక్కుతోంది. "ఎన్నేళ్లనుంచి?" అన్నారు. పదహారన్నాను. "ఒక్కరోజు కూడా తప్పకుండా రాశారే," అన్నారు, మెచ్చుకున్నారో ఏమో తెలియలేదు, అంత మంచి లెక్క ఇంత దొంగలెక్కలో చూడలేదన్నట్టుంది ముఖం. అతను నా వైపు తిరిగాడు. "అన్నయ్యా, ఎందుకొచ్చారు? ఆ బీరువా సంగతి నాకు తెలుసు." "తెలుసా?" "లైనంతా తెలుసు. కొసరు బీరువా అంటారు. అది రహస్యం మీ ఒక్కరికే." రెండు చేతులూ ఎక్కడ పెట్టుకోవాలో తెలియక కుర్చీ వీపు పట్టుకున్నాను. "తెలిసి ఈ తెల్లమొహం అంకెలు ఎందుకేశావయ్యా?" "మీ నోటితో మీరే చెపుతారనుకున్నాను. కౌంటరు దగ్గర చాలాసేపు నిలబడ్డాను కూడా. చెప్పలేదు." అని కాస్త ఆగి, ఎప్పుడూ వినని గొంతుతో అన్నాడు, "లైను ఆగితే అందరూ మీ పేరు పెట్టి అరుస్తారు అన్నయ్యా. నా ప్లాను బాగుంటే అది ఎవరికీ తెలియను కూడా తెలియదు. ఆ గుప్పెడు సీలులతో మీరు నడిచొస్తూంటే చూసి, నాకెంత మండేదో మీకేం తెలుసు?" ఓరి నీ! అసూయలో కూడా నాతో పోటీయేనా, అది ఒక్కటైనా నాకే ఉందనుకున్నానే!

పరీక్షాధికారి పుస్తకం మూశారు. రెండు రిపోర్టులూ దగ్గరికి లాక్కుని, బంగారు అక్షరాలున్నదీ నాలుగు రంగులున్నదీ ఒకదానిమీద ఒకటి పెట్టి, "ఇందులో అంచనా ఉంది, నిజం లేదు. అందులో నిజం ఉందని రాశారు, అదీ లేదు. నిజం ఈ చిన్నదాంట్లో ఉంది," అన్నారు. "రెండూ వెనక్కి తీసుకెళ్లండి, ఈ చిన్నది కూడా. మూడు నెలలు. ఇద్దరూ కలిసి ఒక్కటే రిపోర్టు రాయండి, ఈ బీరువా మీద. మీ మేనేజరుగారికి నేను రాస్తాను." గైడుగారు దగ్గి, నిబంధనల పుస్తకం చూసి, దీన్ని ఏ పద్దు కింద వేయాలా అని వెతికి, "మరి ఇది... సప్లిమెంటరీ అవుతుంది మేడమ్, ఇద్దరికీ," అన్నారు.

బయటికి రాగానే ఫోన్ తెరిచాను, పది పిలుపులున్నాయి, మోగుతూనే ఉంది. బెంచీ మీద పక్కపక్కనే కూర్చున్నాం, ఇద్దరి బరువూ పడ్డాక టక్ మనడం మానేసింది. స్పీకరు పెట్టాను. అవతల అందరూ ఉన్నారు, ఫోన్ చుట్టూ మూగినట్టున్నారు, మా ఆవిడ, "ఏవండీ, ఏమైంది?" అంటోంది, మరదలు, "ఎంతసేపు బావగారూ!" అంటోంది. ముందు అత్తయ్యగారిని చెవి మిషను పెట్టుకోమనండి అన్నాను. పెట్టుకున్నారు, అది కుయ్‌మంది. అప్పుడు కారిడార్ మారుమోగేలా, ఈసారి లారీ ఏదీ లేదు, ఒక్కొక్క అక్షరం విడగొట్టి చెప్పాను. ఆ రోజు నేను చెప్పింది సప్లై చైన్ అండీ, సప్లీ ఛాన్సు కాదు, అది పేపరు పేరు, నేను ఏ పేపరూ తప్పలేదు, ఏనాడూ తప్పలేదు, మీరందరూ ఆర్నెల్లుగా నా మీద పడ్డ జాలి అంతా వృథా, ఉక్కపోత కూడా వృథా. పక్కన తోడల్లుడు నా ముఖం చూశాడు, "అంటే... అన్నీ పాసయ్యారా?" అన్నాడు, ఆ నోట్సులన్నీ కళ్లముందు కదిలినట్టున్నాయి, నవ్వాడు, ఈసారి జాలి లేదు. మా ఆవిడ, "మరి నేను రోజూ పొద్దున్నే నోరు మూసుకుని కాఫీ ఇచ్చానే, అదంతా?" అంది. అంటే ఇప్పుడు పాసైపోయారు కదా అంది మరదలు. లేదమ్మా, ఇప్పుడు నిజంగా సప్లీ వచ్చింది, నాకూ వచ్చింది, మీ ఆయనకీ వచ్చింది, నా వల్లే, ఇంటికొచ్చాక అంతా చెపుతాను అన్నాను.

అత్తగారికి ఇదంతా కూడగట్టుకోవడానికి కొంత సమయం పట్టింది. చెవి మిషను మళ్లీ కుయ్‌మంది. "పోనీలెండి బాబూ," అన్నారు చివరికి, "చిన్నల్లుడుగారికి తప్పడం ఇదే మొదటిసారి, బెంగపెట్టుకుంటారు పాపం. పెద్దవారు మీరు, దగ్గర కూర్చోబెట్టుకుని కాస్త చెప్పి రాయించండి."

ఇన్నేళ్లలో ఆ ఇంట్లోంచి ఎవరూ, ఏ విషయంలోనూ, అతనికి నన్ను చెప్పమనలేదు. పక్కకి చూశాను. అతను అప్పుడే ఆకుపచ్చ పెన్ను మూత తీసి, నీలం పుస్తకం మొదటి పేజీ తెరిచి, "చెప్పండి అన్నయ్యా," అన్నాడు.